ప్రయాణ బీమా: క్లెయిమ్ సంగతి వస్తువు పోయిన చోటే తేలిపోతుంది

సంపాదకుల వారికి,

సెలవులు దగ్గరపడగానే ప్రయాణ బీమా తీసుకోండని పత్రికలు గుర్తుచేస్తాయి. మంచిదే. కానీ బీమా ఉండి కూడా కెమెరానో ఫోనో నగో పోయినప్పుడు డబ్బు చేతికి రానివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇంటికి తిరిగొచ్చి క్లెయిమ్ ఫారం ఎంత జాగ్రత్తగా నింపినా ఫలితం ఉండదు. వస్తువు పోయిన ఊళ్లో, పోయిన మొదటి 24 గంటల్లో రాయించుకోవాల్సింది రాయించుకోకపోతే తర్వాత దాన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం. ఈ సంగతి ప్రయాణానికి ముందే తెలియాలని ఈ ఉత్తరం.

మొదటిది పోలీసు రిపోర్టు. పోయిందని తెలిసిన 24 గంటల్లోగా ఫిర్యాదు చేయాలని చాలా పాలసీలు అడుగుతాయి. రేపు ఉదయం విమానం ఉందనో, భాష రాదనో స్టేషన్‌కు వెళ్లకుండా వచ్చేస్తే క్లెయిమ్ అక్కడే బలహీనపడుతుంది. రిపోర్టులో నాలుగు విషయాలు ఉండాలి: ఎక్కడ పోయింది, స్థానిక కాలమానం ప్రకారం ఎన్ని గంటలకు, ఎలా పోయింది, ఏమేం పోయాయి. ‘ఒక బ్యాగు, అందులోని సామాను’ అని రాస్తే చాలదు. ప్రతి వస్తువుకూ కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్ రాయించాలి. రిపోర్టులో లేని గడియారం నెల తర్వాత క్లెయిమ్ ఫారంలో కనిపిస్తే అనుమానం రావడం సహజం. కంగారులో మరిచిపోయిన వస్తువు ఉంటే ఆ ఊళ్లో ఉండగానే మళ్లీ వెళ్లి చేర్పించుకోవాలి. అర్థంకాని భాషలో రాసిన కాగితం మీద ఎవరితోనైనా చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. బస్సులో మరిచిపోవడం వేరు, జేబు కొట్టేయడం వేరు. కొన్ని పాలసీలు దొంగతనానికే డబ్బిస్తాయి. జరిగింది జరిగినట్టే రాయించండి. పాలసీకి అనుకూలంగా మార్చి రాయిస్తే, బీమా కంపెనీ హెల్ప్‌లైన్‌కు చేసిన మొదటి ఫోన్‌లో చెప్పినదానికీ దానికీ పొంతన కుదరదు. ఆ ఫోన్ సంభాషణలు సాధారణంగా రికార్డవుతాయి.

పూర్తి రిపోర్టు వెంటనే ఇవ్వకపోతే కనీసం ఫిర్యాదు నంబరు, స్టేషన్ పేరు, ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి. హోటల్ మేనేజరో టూర్ నిర్వాహకుడో ఇచ్చే లేఖ దానికి తోడుగా పనికొస్తుందే తప్ప దానికి బదులు కాదు.

విమానంలో పోయిన సామానుకు దారి వేరు. బ్యాగేజీ హాలు దాటకముందే విమాన సంస్థ కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు, అంటే పీఐఆర్, రాయించాలి. దానికి సాధారణంగా పది అక్షరాల, అంకెల రెఫరెన్స్ ఇస్తారు. బోర్డింగ్ పాస్‌నూ బ్యాగేజీ ట్యాగ్ ముక్కనూ పారేయొద్దు. అంతర్జాతీయ ప్రయాణాలకు ఎక్కువగా వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, బ్యాగు దెబ్బతింటే చేతికందిన 7 రోజుల్లోగా, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు గడిచినా రాకపోతే పోయినట్టే లెక్క. దావా వేయడానికి గడువు రెండేళ్లు. 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి బ్యాగేజీ పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే ప్రమాణం; దాని మారకం విలువ రోజూ మారుతుంది. విమాన సంస్థ ఇచ్చిన మొత్తాన్ని తగ్గించుకునే బీమా కంపెనీ మిగతాది లెక్కిస్తుంది. కాబట్టి ముందు విమాన సంస్థను అడగకుండా నేరుగా బీమాకు వెళ్తే ఫైలు ఆగిపోతుంది.

ఇక్కడ అతి ముఖ్యమైన షరతు ఒకటుంది. నగలు, కెమెరా, ల్యాప్‌టాప్, నగదు లాంటివి చెక్-ఇన్ బ్యాగులో పెడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. వాటి చోటు చేతిసంచిలోనే. కొన్ని పాలసీలైతే బ్యాగేజీ కవర్ అని పేరు పెట్టి చెక్-ఇన్ సామాను పూర్తిగా పోతేనే పరిహారమిస్తాయి. విలువైన వస్తువుల జోలికే పోవు. అలాంటి పాలసీతో చేతిలోని ఫోన్‌కు క్లెయిమ్ వేయడం వృథా ప్రయాస. కొనేముందే పాలసీలో బ్యాగేజీ అధ్యాయం చదవాలి.

క్లెయిములు ఎక్కువగా చిక్కుకునే మాట ‘కనిపెట్టుకుని ఉండకపోవడం’. బీచ్‌లో ఫోన్‌ను తువ్వాలు కింద దాచి నీళ్లలోకి దిగడం, హోటల్లో కుర్చీ వీపుకు బ్యాగు తగిలించి చేతులు కడుక్కోవడానికి వెళ్లడం, బస్సులో తలపై అరలో పెట్టి నిద్రపోవడం, ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. కారులో పెడితే తాళం వేసి, బయటికి కనిపించకుండా డిక్కీలో ఉంచాలి. బలవంతంగా తెరిచిన గుర్తులూ ఉండాలి. పగిలిన అద్దం ఫొటో, దాని మరమ్మతు బిల్లు రెండూ దాచుకోవాలి. రాత్రిపూట కారులో వదిలేసిన వస్తువులకు అసలే ఇవ్వని పాలసీలు ఉన్నాయి. గదిలో పోతే సేఫ్ ఉండి వాడలేదా అని అడుగుతారు. చాలా హోటళ్లలో కార్డు తాళాలు ఎప్పుడు ఏ కార్డుతో తెరిచారో నమోదు చేస్తాయి. ఆ రికార్డునూ సీసీ కెమెరా దృశ్యాలనూ భద్రపరచమని అదే రోజు మేనేజర్‌కు ఈమెయిల్ పంపాలి. నోటిమాటగా చెబితే రుజువుండదు. ఆలస్యమైతే పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయిపోతాయి.

ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించి, ఎప్పుడు బ్లాక్ చేశారో నెట్‌వర్క్ నుంచి లిఖితంగా తీసుకోండి. ఆ ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ కావాలి. ప్రయాణానికి ముందే *#06# నొక్కితే తెరమీద కనిపిస్తుంది. దాన్ని ఇంట్లో రాసిపెట్టాలి, ఫోన్ డబ్బా మీదా ఉంటుంది. పోయిన ఫోన్‌ను ‘లాస్ట్’ అని గుర్తించండి కానీ మీ ఖాతా నుంచి తొలగించకండి. తొలగిస్తే దొంగకు అడ్డుగా ఉన్న యాక్టివేషన్ లాక్ కూడా పోతుంది. లొకేషన్ కనిపిస్తే తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వాలి. దాన్ని పట్టుకుని సొంతంగా వెతకబోవడం ప్రమాదం.

వస్తువు మీదేనని చూపడం ఇంకో పెద్ద మెట్టు. బిల్లుంటే సమస్యే లేదు. లేకపోతే కొన్నప్పటి కార్డు స్టేట్‌మెంట్, వారంటీ నమోదు, దుకాణం పంపిన ఈమెయిల్ పనికొస్తాయి. కెమెరాకు చాలామందికి తట్టని ఆధారం ఒకటుంది: దానితో తీసి ఇంటి కంప్యూటర్‌లో దాచిన పాత ఫొటోలు. ఫొటో ఫైలు సమాచారంలో కెమెరా మోడల్ ఉంటుంది, చాలా కెమెరాలైతే సీరియల్ నంబర్ కూడా నమోదు చేస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ సమాచారం పోతుంది కాబట్టి అసలు ఫైలే ఇవ్వాలి. నగలకు బరువు, స్వచ్ఛత, రాళ్ల వివరాలతో ప్రయాణానికి ముందు తేదీ ఉన్న విలువ పత్రం కావాలి. పోయాక రాయించినదానికి విలువ తక్కువ. బహుమతిగా వచ్చినదైతే ఇచ్చినవారి బిల్లు, వారి లేఖ జతచేయాలి. నగదుకు ఏటీఎం రసీదో మారకం రసీదో ఉండాలి, దాని పరిమితీ వేరుగా చిన్నదిగా ఉంటుంది.

ఇక లెక్క. పాలసీ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే మొత్తం వేరు, చేతికొచ్చేది వేరు. ఉదాహరణకు బ్యాగేజీ కవర్ 1,00,000, విలువైన వస్తువులన్నిటికీ కలిపి 30,000, ఒక్కో వస్తువుకు 15,000, డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం, 2,000 అనుకుందాం. 60,000 పెట్టి కొన్న కెమెరా పోయింది. తరుగుదల తీసేస్తే 42,000 అవుతుంది. ఒక్క వస్తువు పరిమితి 15,000. అందులోంచి డిడక్టిబుల్ తీస్తే 13,000. కొన్ని కంపెనీలు డిడక్టిబుల్‌ను ముందు నష్టంలోంచి తీసి తర్వాత పరిమితి వర్తింపజేస్తాయి. అప్పుడు 15,000 వస్తుంది. ఏ పద్ధతో పాలసీలో చూసి, లెక్క తప్పితే అడగాలి. కెమెరా, లెన్స్, ఫ్లాష్ కలిపి ఒకే వస్తువుగా లెక్కించే షరతు, జత కమ్మల్లో ఒకటి పోతే ఆ ఒక్కదానికే ఇచ్చే షరతు కూడా చాలా పాలసీల్లో ఉన్నాయి. ఒక్కో వస్తువు పరిమితి కంటే ఖరీదైనది వెంట తీసుకెళ్లాలంటే దాన్ని పేరుపెట్టి విడిగా బీమా చేయించడమే దారి.

అక్కడుండగానే కంపెనీకి ఫోన్ చేసి లేదా ఈమెయిల్ పంపి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. పత్రాలు పంపడానికి గడువు పాలసీని బట్టి ఉంటుంది. ఫారం, పాలసీ, టికెట్లు, పాస్‌పోర్టు ముద్రల పేజీలు, రిపోర్టు, అవసరమైతే దాని అనువాదం, కొనుగోలు రుజువులు, బ్యాంకు వివరాలు అన్నీ స్కాన్ చేసి ఒక ప్రతి ఉంచుకున్నాకే అసలువి పంపాలి. ‘వేరే బీమా ఉందా’ అన్న గడిలో ఇంటి బీమా, క్రెడిట్ కార్డు బీమా ఉంటే రాయాలి. ఒకే నష్టానికి రెండు చోట్ల పూర్తి డబ్బు రాదు, దాచారని తేలితే ఉన్నది కూడా పోవచ్చు. ఒక్క వస్తువు ధర పెంచి రాసినా మొత్తం క్లెయిమ్ కొట్టేసే హక్కు చాలా పాలసీలు కంపెనీకి ఇస్తాయి.

తిరస్కరిస్తే కోపంతో పెద్ద ఉత్తరం రాయకండి. ఏ క్లాజ్ కింద తిరస్కరించారో నంబరుతో సహా లిఖితంగా అడగండి. ఆ క్లాజ్‌కే, ఆధారాలతో, సూటిగా జవాబివ్వండి. నష్టం జరిగిందని చూపాల్సింది పాలసీదారుడే. కానీ ఫలానా మినహాయింపు కిందికి వస్తుందని కంపెనీ అంటే, అది వర్తిస్తుందని చూపే భారం సాధారణంగా కంపెనీ మీదే ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది మొదటి తిరస్కరణకే వదిలేస్తారు. కంపెనీ ఫిర్యాదుల విభాగం ఇచ్చిన సమాధానం నచ్చకపోతే పాలసీదారుల ఫిర్యాదులు విని పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్ లాంటి వ్యవస్థకు వెళ్లవచ్చు, దానికీ గడువు ఉంటుంది. డబ్బు అందాక వస్తువు దొరికితే కంపెనీకి తెలియజేయాలి. అప్పటికి దాని మీద హక్కు సాధారణంగా వారిదే.

తప్పంతా ప్రయాణికులదేనని నేననడం లేదు. ఒక్కో వస్తువు పరిమితి, విలువైన వస్తువుల మొత్తం పరిమితి, ఫిర్యాదు గడువు అనే మూడు అంకెలను ముప్పై నలభై పేజీల పత్రం మధ్యలో పెట్టడం అన్యాయం. వాటిని పాలసీ మొదటి పేజీలో, మొత్తం కవర్ అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో ముద్రించమని బీమా కంపెనీలను కోరుతున్నాను. మీ పత్రిక కూడా ప్రయాణ బీమా పథకాలను పోల్చేటప్పుడు ప్రీమియంతోపాటు ఈ మూడు అంకెలనూ పట్టికలో చేర్చాలని మనవి.

ఇట్లు,
బీమా క్లెయిముల పనిలో ఉన్న ఒక పాఠకుడు