1 ప్రధాన సంఖ్య ఎలా అవుతుందండీ?

సంపాదకులకు నమస్కారం.

మా అమలాపురం వైపు ఓ ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి పిల్లలకిచ్చిన లెక్కల షీటులో 1ని ప్రధాన సంఖ్యల్లో కలిపేసి, 2ని మాత్రం సరిసంఖ్య కదా అని తీసేశారు. అడిగితే కీలో అలాగే ఉందన్నారు! ప్రధాన సంఖ్యకి సరిగ్గా రెండే కారణాంకాలు ఉండాలి, 1కి ఉన్నది ఒక్కటే. 2కి 1, 2 రెండూ ఉన్నాయి, సరిసంఖ్యల్లో ప్రధాన సంఖ్య అదొక్కటే. 1ని కూడా రానిస్తే 12ని 2×2×3గా ఒకే తీరున విడగొట్టగలమన్న సూత్రం పోతుంది, ఎన్ని 1లు కావాలంటే అన్ని తగిలించుకోవచ్చు కాబట్టి.

-3 బేసి సంఖ్య కాదట, అదొకటి. 2తో నిశ్శేషంగా భాగించలేనప్పుడు బేసి కాక ఏమవుతుంది? దాని వర్గం కూడా 9, -9 కాదు.

కోనసీమలో కొబ్బరికాయలకేం కొదవ, పిల్లలచేత పేర్పించండి. ఒక కాయ పెట్టి, దాన్ని రెండు వైపులా చుట్టి మూడు, ఆపైన అలాగే అయిదు, తర్వాత ఏడు పేరిస్తే 1, 4, 9, 16 అని వరసగా చదరాలే వస్తాయి, అంటే బేసి సంఖ్యల్ని మొదటినుంచి కూడుతూ పోతే వర్గ సంఖ్యలే. అదే 13 కాయలిచ్చి సమాన వరసల్లో పెట్టమంటే ఒకే వరసలో పెట్టాలి, లేదా వరసకొకటి, ఇంకోలా కుదరదు. మీ విద్యార్థుల పేజీలో ర్యాంకుల ఫొటోలు కాస్త తగ్గించి ఇలాంటివి వేయండి.

- ఓ పాఠకుడు, అమలాపురం