ఒకే అంకె చెప్పే బరువు పట్టిక ఎవరి కోసం?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం ఆరోగ్యం పేజీలో మీరు వేసిన ‘ఎత్తుకు తగ్గ బరువు’ పట్టిక గురించి ఈ ఉత్తరం. సవరణ వేస్తారేమోనని ఐదారు రోజులు ఆగాను. వేయలేదు.

ఐదడుగుల నాలుగంగుళాల ఆడవాళ్లు 54.7 కిలోలు ఉండాలని అందులో ఉంది. ఆ అంకె చూడగానే అది ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేశాను, ఆ లెక్క వేయని రోజు లేదు. ఐదడుగుల మగవాడికి 50 కిలోలు, ఆడమనిషికి 45.5, ఆపైన ప్రతి అంగుళానికీ 2.3 చొప్పున కలపాలి. డివైన్ అనే ఆయన 1974లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ మందు గురించి రాసిన వ్యాసంలో ఇచ్చిన సూత్రం ఇది. ఆ మందు కొవ్వులోకి పెద్దగా చేరదు. లావుగా ఉన్న రోగికి మొత్తం బరువు చూసి మోతాదు వేస్తే కిడ్నీలకూ చెవులకూ దెబ్బ. అందుకని మోతాదు కోసం ఒక అంచనా బరువు కావాలి. ఆ సూత్రం పని అంతవరకే. ఇంటిల్లిపాదీ అద్దం ముందు నిలబడి పోల్చుకోవడానికి ఆయన అది రాయలేదు.

పోనీ అదొక్కటే సూత్రమా అంటే, అదీ కాదు. ఇదే ఎత్తు ఆడమనిషికి 1964 నాటి హామ్వి సూత్రం 54.3 అంటుంది. 1983లో వచ్చిన రాబిన్సన్ సూత్రం 55.8, అదే ఏడాది వచ్చిన మిల్లర్ సూత్రం 58.5 అంటాయి. సెంటీమీటర్ల ఎత్తులోంచి వంద తీసేయమనే పాత బ్రోకా లెక్కలో 62 దాటుతుంది. నాలుగైదు లెక్కల మధ్య ఎనిమిది కిలోల తేడా ఉంటే, మీరు ఒకదాన్ని పట్టుకుని పాయింటు తర్వాత అంకెతో సహా అచ్చు వేశారు. అది ఏ సూత్రమో, ఎవరిదో ఒక్క ముక్క రాయలేదు.

నా కోపానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా మనవరాలు ఆ పట్టిక కత్తిరించి బీరువా తలుపుకి, అద్దం పక్కన అంటించింది. 54.7 కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. పిల్ల ఎత్తు ఆ ఐదడుగుల నాలుగంగుళాలే, బరువు 60. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే, ఎత్తుకు బరువు సరిపోయిందో లేదో చెప్పే బీఎంఐ వస్తుంది. ఆమెకు 22.7. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు హద్దు 18.5 నుంచి 24.9. మన ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బు వస్తున్నాయని 23 నుంచే జాగ్రత్తపడమంటున్నారు. ఆ కఠినమైన హద్దులో కూడా ఆమె సరిగ్గానే ఉంది. ఆ ఎత్తుకి దాదాపు 49 నుంచి 60 కిలోల దాకా ఏదైనా ఆరోగ్యమే. కానీ పట్టిక ఐదు కిలోలు ఎక్కువున్నావంది, పిల్ల రాత్రి భోజనం మానేసింది.

వాళ్ల నాన్న సంగతి దీనికి తలకిందులు. ఐదడుగుల ఏడంగుళాలు, 66 కిలోలు. పట్టికలో 66.1 ఉంది కాబట్టి తనకేం ఢోకా లేదనుకుంటున్నాడు. టేపు పెట్టి కొలిచాను, బొడ్డు దగ్గర 97 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదమని డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. నడుము ఎత్తులో సగానికి మించకూడదన్న తేలిక లెక్క కూడా ఉంది. మీ పేజీలో నడుము అన్న మాటే లేదు.

ఇక నా సంగతి. వయసు మీద పడి రెండంగుళాలు కుంగాను. ఐదడుగుల రెండంగుళాలున్నప్పుడు మీ పట్టిక ప్రకారం 50.1 ఉండాల్సిన దాన్ని, ఇప్పుడు 45.5కి దిగాలి! వెన్నుపూసలు అరిగినందుకు నాలుగున్నర కిలోల కండ పోగొట్టుకోవాలా? ఈ వయసులో కండ తగ్గితేనే పడతాం, ఎముకలు విరుగుతాయి. ఐదడుగులకు తక్కువున్న వాళ్లకు పట్టికలో వరసే లేదు, వాళ్లు మనుషులు కారా? గర్భిణులకు, ఎదిగే పిల్లలకు, ఒళ్లు నీరు పట్టిన వాళ్లకు ఇది వర్తించదని ఒక్క వాక్యం రాయడానికి చోటు దొరకలేదా?

ఇది మీ ఒక్కరి తప్పు కాదు. ఆరోగ్య శిబిరాల్లోనూ చూస్తున్నాను. చెప్పులతోనే మెషిన్ ఎక్కిస్తారు, ఎత్తు కొలవరు, నోటితో అడిగి రాసుకుంటారు. అంగుళం అబద్ధం చెబితే లెక్కంతా మారిపోతుందని అక్కడున్న అధికారికి పట్టదు, రోజుకి ఇన్ని పేర్లు నిండితే చాలు. ఈ పట్టికల పుట్టుకే అంత. అమెరికాలో బీమా కంపెనీలు పాలసీదారుల చావు లెక్కల నుంచి తయారుచేసుకున్నవి, 1983 పట్టికలో బట్టలు, బూట్లతో సహా తూకం. బీఎంఐ హద్దులూ శిలాశాసనాలు కావు. అక్కడే 1998లో అధిక బరువు హద్దును 25కి దించారు. అంతకుముందు మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3 ఉండేది. ఒక్క గ్రాము పెరగకుండానే కోట్ల మంది రాత్రికి రాత్రి లావైపోయారు. ఇవన్నీ పాఠకుడికి చెప్పాల్సిన పత్రికే చెప్పకపోతే ఎలా? ఒకప్పుడు ఇలాంటి పేజీ వేసే ముందు ఒక డాక్టరుకి చూపించేవారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. అదే పేజీలో, అదే సైజులో సవరణ వేయండి. ఒక్క అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని ఇవ్వండి, పక్కన నడుము కొలత పెట్టండి, ఎవరికి వర్తించదో రాయండి. ఆదివారం దాకా ఆగకండి. మా పిల్ల నిన్న రాత్రి కూడా మంచినీళ్లు తాగి పడుకుంది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు, రిటైర్డ్ ఫార్మసిస్టు