గొట్టం వద్దంటే గెంటేయడమేనా?

సంపాదకులకు,

పక్షవాతం వచ్చాక మింగడం కష్టమైన పెద్దవాళ్లకు తిండి పంపడానికి ముక్కులో గొట్టం వేస్తామంటే చాలామంది వద్దంటారు. మా వైపు అలా వద్దన్న వాళ్ల చేత సంతకం పెట్టించుకుని ఇంటికి పంపేస్తున్నారు, లేదంటే చేతులు కట్టేసి మరీ వేస్తున్నారు. రెండూ తప్పే.

తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికి వస్తుందని దాచకుండా చెప్పాలి, గొట్టం వేసినా లాలాజలం లోపలికి పోయే ప్రమాదం పూర్తిగా తప్పదనీ చెప్పాలి. అన్నీ అర్థమై, మాట పడిపోయినా తల అడ్డంగా ఊపితే అది రోగి నిర్ణయం, కొడుకులది కాదు. వైద్యం వద్దనే హక్కును సుప్రీంకోర్టు 2018లోనే గుర్తించింది. కోలుకోలేని స్థితిలో ఏ వైద్యం వద్దో ముందే రాసుకునే పత్రానికి 2023 నుంచి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.

వద్దన్నారని వదిలేస్తే ఎలా? నిటారుగా కూర్చోబెట్టడం, చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టి మింగాకే ఇంకోటి పెట్టడం, నోరు శుభ్రంగా ఉంచడం ఇంట్లోవాళ్లకు దగ్గరుండి నేర్పాలి, మనసు మారితే మళ్లీ రమ్మని కూడా చెప్పాలి. ఇది నేర్పే స్పీచ్ థెరపిస్టులను ప్రతి ఏరియా ఆసుపత్రిలో పెట్టండి, ఉదయగిరి పల్లెల నుంచి నెల్లూరు దాకా ఆ మనుషుల్ని మోసుకురావడం ఎంత కష్టమో అధికారులు ఆలోచించాలి.

– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా