మా ఆవిడ పాస్‌పోర్టు వచ్చింది, అందరికీ దండాలు

నిన్న మధ్యాహ్నం స్పీడ్‌పోస్ట్‌లో మా ఆవిడ పాస్‌పోర్టు వచ్చింది. ఇండియా పాస్‌పోర్టు. ఇన్నాళ్లూ ఫోన్లు చేసి, వాట్సాప్‌లో అడిగి, లిఫ్ట్ దగ్గర ఆపి మరీ "వచ్చిందా, ఏమైంది" అని అడుగుతూ వచ్చినవాళ్లందరికీ విడివిడిగా చెప్పుకుంటూ పోతే నెల పడుతుంది కాబట్టి ఇక్కడే రాసేస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది, ఏమనుకోకండి. సాయం చేసినవాళ్లలో కూడా చాలామందికి వాళ్లు చేసిన ముక్క తప్ప మిగతా కథ తెలియదు.

మా ఆవిడ పుట్టింది మలేసియాలో, పేరాక్ రాష్ట్రం, బాగాన్ దాతుక్ వైపు, చుట్టూ కొబ్బరి తోటలే. వాళ్ల ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి తోటల్లో పనికి వెళ్లినవాళ్లు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. పెళ్లయి చెన్నైకి, మా విల్లివాక్కం ఇంటికి వచ్చాక మా వీధిలో ఎవరికీ ఈమె విదేశీయురాలని అనిపించలేదు. గవర్నమెంటు లెక్కలో మాత్రం విదేశీయురాలే. భారతీయుల్ని పెళ్లాడిన విదేశీయులకిచ్చే ఎక్స్ వీసా, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల నమోదు ఆఫీసులో రిజిస్ట్రేషన్, గడువు దగ్గర పడినప్పుడల్లా పొడిగింపు, ఆ ఫొటోలు, ఆ అప్‌లోడ్లు, మాకు అలవాటైపోయాయి. "ఓసీఐ తీసుకుంటే పోయేదానికి ఇంత తిప్పలెందుకు" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఓసీఐ అంటే భారత మూలాలున్న విదేశీయులకీ, భారతీయుల్ని పెళ్లాడినవాళ్లకీ ఇచ్చే కార్డు. తీసుకోవచ్చు, కానీ దాంతో ఓటు రాదు. ప్రతి ఎలక్షన్‌కీ మేమంతా వేలికి సిరా పూయించుకుని వస్తే తను ఒక్కతే ఇంట్లో ఉండిపోయేది, అది ఆమెకు నచ్చలేదు. అంతే, ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 5(1)(సి) ప్రకారం భారతీయుణ్ణో భారతీయురాలినో పెళ్లి చేసుకుని ఏడేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఏడేళ్ల లెక్క కూడా విచిత్రంగా ఉంటుంది: దరఖాస్తుకు ముందు 12 నెలలూ కదలకుండా ఇక్కడే ఉండాలి, అంతకుముందు 8 ఏళ్లలో కనీసం 6 ఏళ్లు ఉండాలి. ఆ 12 నెలల మధ్యలోనే వాళ్ల చెల్లెలి పెళ్లి వచ్చిపడింది. ప్రత్యేక పరిస్థితులుంటే కేంద్రం 30 రోజుల దాకా సడలించొచ్చని చట్టంలో ఉంది గానీ, సడలిస్తారో లేదో ఎవరు చూడొచ్చారు, రిస్కు వద్దని పెళ్లి ఫోన్‌లోనే చూసింది.

దరఖాస్తు పెట్టడం వరకు నడిచిపోయింది. అసలు చిక్కు తర్వాత వస్తుంది, దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, మలేసియా కూడా ఒప్పుకోదు. అందుకని ఢిల్లీలో హోం శాఖ ముందు ఒక అంగీకార లేఖ ఇస్తుంది, పాత పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తెస్తేనే సర్టిఫికెట్ చేతికిస్తారు. మలేసియా రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం 21 ఏళ్లు నిండి, ఇంకో దేశ పౌరసత్వం ఉన్నవాళ్లో త్వరలో రాబోతున్నవాళ్లో మాత్రమే తమది వదులుకోవచ్చు, కాబట్టి వాళ్లకీ ఈ లేఖ చూపించాలి. పౌరసత్వం వదులుకునే ఫారం కె నింపి, మలేసియా ఎర్ర పాస్‌పోర్టు, మైకాడ్ అనే వాళ్ల గుర్తింపు కార్డు అన్నీ అప్పగించాం. అప్పగించిన రోజు నుంచి ఇక్కడి సర్టిఫికెట్ వచ్చేదాకా మనిషికి ఏ దేశం పాస్‌పోర్టూ ఉండదు. అటు కాదు, ఇటు కాదు. నెలలు గడిచాయి అలాగే.

ఇక దండాల సంగతికొస్తా.

రాజాజీ సాలై కలెక్టరేట్‌లో క్యూలో మా ముందు నిలబడ్డ పెద్దాయన ఒకరున్నారు, మేము ఇంట్లో బర్మా తాత అని పిలుచుకుంటాం. రంగూన్‌లో పుట్టి, 1960లలో నె విన్ ప్రభుత్వం షాపులన్నీ జాతీయం చేసినప్పుడు తల్లిదండ్రులతో ఓడలో మద్రాసు రేవులో దిగినాయన. ఆయన ఏదో పట్టా పని మీద వచ్చారు, మాతో సంబంధమే లేదు. బయట ఒక ఏజెంటు మమ్మల్ని పట్టుకుని, ఢిల్లీలో మనవాళ్లున్నారు, ఇంత ఇస్తే ఒక్క నెలలో అయిపోతుందని చెవిలో చెప్తుంటే ఈ తాత దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపారు. తర్వాత మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మాయ్, ఏ ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద తపాల్ ముద్ర, అదే కాగితం అందిందని ఆఫీసువాళ్లు వేసే ముద్ర, కొట్టించుకో, నంబరు రాయించుకో, తేదీ కనపడాలి. మా నాన్న దగ్గర ముద్ర ఉన్న కాగితాలున్నాయి కాబట్టే ఇక్కడికొచ్చాక మాకు షాపు దొరికింది, లేనివాళ్లు ఏళ్లకేళ్లు తిరిగారు" అన్నారు. అప్పుడు తల ఊపాం గానీ ఆ మాట విలువ తర్వాత తెలిసింది. మధ్యలో ఒక ఆఫీసులో, ఏ ఆఫీసో చెప్పను, మా ఫైలే తమ దగ్గరికి రాలేదన్నారు. ఆ ముద్రున్న కాపీ తీసి బల్ల మీద పెడితే అరగంటలో ఫైలు బీరువాలోంచి బయటికొచ్చింది.

అదే కలెక్టరేట్‌లో సెక్షన్‌లో పనిచేసే ఒక మేడం. మలేసియాలో మనవాళ్ల పేర్లలో ఆడపిల్లకైతే ఏ/పీ అని పెట్టి వెనకాల తండ్రి పేరు రాస్తారు, ఫలానా ఆయన కూతురని. పాస్‌పోర్టులో అలాగే ఉంది. మా పెళ్లి రిజిస్ట్రేషన్‌లో రాసినాయన దాన్ని ఇనీషియల్ అనుకుని ఏ.పీ. అని పేరు ముందు తగిలించేశాడు. రెండు కాగితాల్లో ఇద్దరు మనుషులైపోయారు. చాలాచోట్ల "పేరు మార్చుకుని గెజిట్ చేయించుకుని రండి" అని పంపేశారు. ఈ మేడం మాత్రం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పాత పాస్‌పోర్టు నంబరు ఒక్కొక్కటే వేలితో సరిచూసుకుని, "ఒకే మనిషని అఫిడవిట్ ఇవ్వండి, ఇనీషియల్ ఎలా వచ్చిందో అందులోనే రాయండి, చాలు" అన్నారు. ఆవిడకి తెలుగు రాదు, మా ఆవిడకి వచ్చింది వీధి తమిళం, అయినా పని జరిగింది. తర్వాత స్వీట్ బాక్సు పట్టుకెళ్తే కోప్పడి వెనక్కి పంపించారు. మేడం, కనీసం ఈ థాంక్స్ అయినా వెనక్కి పంపకండి.

ఎంక్వైరీకి ఆఫీసరు వచ్చిన రోజు మా అమ్మ కంగారులో కాఫీలో పంచదార వేయడం మర్చిపోయింది, ఆయన మారు మాట్లాడకుండా తాగేశారు. ఇంట్లో అడగాల్సినవన్నీ అడిగి కింద పోర్షన్‌లో ఉండే పాట్టి, అంటే తమిళ బామ్మ, దగ్గరికి వెళ్లి, పైన ఉండే మలేసియా ఆవిడ గురించి ఏమైనా చెప్పగలరా అంటే పాట్టి "ఇంద పొణ్ణా ఫారిన్?" (ఈ పిల్లా ఫారిన్?) అని నోరు తెరిచింది. అన్నేళ్లుగా నాగా లేకుండా పాల ప్యాకెట్ తెచ్చిచ్చే పిల్ల విదేశీయురాలని ఆవిడకి అప్పుడే తెలిసింది. తర్వాత మా ఆవిడ గురించి పావుగంట చెప్పిందట, అందులో మాకు తెలియనివి కూడా ఉన్నాయట. పాట్టికి ఇది చదివి వినిపించే బాధ్యత వాళ్ల మనవడిది.

లాయరక్క. చిత్తూరు నుంచి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న అక్క. మలేసియా పాస్‌పోర్టు ఇచ్చేశాక ఇక్కడ రెసిడెన్స్ పర్మిట్ గడువు దగ్గర పడింది. పొడిగించాలంటే చెల్లే పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టేమో లేదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఎవరైనా వచ్చి ఏ కాగితం మీద ఉంటున్నావు అంటే ఏం చెప్తాం అని ఒకటే టెన్షన్. అక్క ఒక మధ్యాహ్నం కూర్చుని అంగీకార లేఖ, పాస్‌పోర్టు అప్పగించిన రసీదు, దరఖాస్తు నంబరు అన్నీ జతచేసి గడువు తీరకముందే ఒక విన్నపం రాసిచ్చింది. "కేసు వేద్దామా" అని నేనే తొందరపడితే, "దేనికి? వాళ్లు కాదనలేదు కదా, ముందు చెప్పాల్సింది చెప్పు" అంది. ఫీజు తీసుకుంది, న్యాయంగా తీసుకుంది, రసీదు ఇచ్చింది. నాకు అదే నచ్చింది.

ఆ మధ్యలోనే మా మామగారికి స్ట్రోక్ వచ్చింది. ఐసీయూలో ఉన్నారు, ఎడమవైపు పడిపోయింది. మా ఆవిడ చెన్నై నుంచి కౌలాలంపూర్‌కి నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉండి కదల్లేని పరిస్థితి. లాయరక్కని అర్ధరాత్రి లేపాను. 1967 పాస్‌పోర్టుల చట్టంలో సెక్షన్ 20 ఉంది, పౌరులు కానివాళ్లకి కూడా ప్రజాప్రయోజనం ఉందనుకుంటే కేంద్రం ప్రయాణ పత్రం ఇవ్వొచ్చు, గుర్తింపు సర్టిఫికెట్ అనేది ఒకటుంది, అడుగుదాం, కానీ అది వచ్చినా దాని మీద మలేసియా వీసా మళ్లీ వేరే కథ, ఈలోపు నువ్వెళ్లు అని సూటిగా చెప్పేసింది. ఎవరైనా ఆశ పెట్టి ఉంటే ఆ వారం ఢిల్లీ చుట్టూ తిరిగేవాణ్ణి. నాకు ఇండియా పాస్‌పోర్టు ఉంది, మనవాళ్లకి 2023 డిసెంబరు నుంచి 30 రోజుల దాకా వీసా లేకుండానే రానిస్తున్నారు, నేనెళ్లాను. కూతురు ఉండాల్సిన చోట అల్లుడు.

అక్కడ నేను చేసిందేమీ లేదు, చేసిందంతా ఆ ఎస్టేట్ తెలుగు కుటుంబాలే. ఎవరు పొద్దున, ఎవరు రాత్రి అని వాళ్లలో వాళ్లే వంతులు వేసేసుకున్నారు, నన్ను అడగను కూడా లేదు. ఒక పెద్దమ్మ, వాళ్లది అచ్చం శ్రీకాకుళం యాస, రోజూ సాయంత్రం విజిటింగ్ టైమ్‌కి వచ్చి ఫోన్‌ని ఫ్లాస్క్‌కి ఆనించి నిలబెట్టి, స్పీకర్ ఆన్ చేసి, ఇక్కడ మా ఆవిడ మాట్లాడుతుంటే మామగారి మొహం చూసి "ఇన్నాడే, కనుబొమ్మ ఎత్తినాడే" అని ఎప్పటికప్పుడు చెప్పేది. సిగ్నల్ పోతే ఫోన్ పట్టుకుని కిటికీ దాకా వెళ్లి మళ్లీ మొదలు. నేను తిరిగొచ్చాక కూడా ఆ పని ఆపలేదు. మామగారు ఇప్పుడు ఇంట్లో ఉన్నారు, కర్ర సాయంతో వాకిలి దాకా నడుస్తున్నారు, ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. పెద్దమ్మా, మీ రుణం ఎలా తీర్చుకోవాలో నిజంగా తెలియట్లేదు.

ఇంకా ఉన్నారు. కేవైసీ పేరుతో ఒక బ్యాంకు ఆమె ఖాతా ఆపేస్తే, రూల్ ఏం చెప్తుందో చదివి పై ఆఫీసుకు తానే మెయిల్ పెట్టిన అదే బ్రాంచ్ అమ్మాయి. జిరాక్స్ షాపు తమ్ముడు, మా ఫైలు మాకంటే బాగా వాడికే తెలుసు, ఏ పేజీ లేదో చూడకుండా చెప్పేవాడు. నా మేనేజరు, ఎందుకు ఎక్కడికి అని అడక్కుండా సెలవిచ్చినందుకు.

సర్టిఫికెట్ వచ్చే ముందు చేసే ప్రమాణం చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంటుంది, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని, చట్టాలు పాటిస్తానని, పౌరురాలిగా నా బాధ్యతలు నెరవేరుస్తానని, చిన్నదే. మా ఆవిడ ముందురోజు రాత్రి వంటింట్లో బట్టీ పట్టి, తీరా చదవాల్సిన చోట కాగితం చూసి చదవొచ్చన్నారని తెగ నిరాశపడింది. తర్వాత అమింజికరై సేవాకేంద్రం, పోలీస్ వెరిఫికేషన్, మామూలే, అందరికీ తెలిసిందే.

వచ్చే నెల వాళ్ల నాన్న దగ్గరికి వెళ్తోంది. పుట్టిన ఊరికి 30 రోజుల విజిటర్‌గా. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలట, అదీ తనే నింపుకుంటుందట, నన్ను ముట్టుకోవద్దంది.

బర్మా తాత ఫోన్ నంబరు మా దగ్గర లేదు. ఆయన చేతిలో నల్ల రెగ్జిన్ సంచి ఉండేది, కొడుకు పెరంబూరులో ఉంటాడని చెప్పారు, ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆయన తెలిస్తే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. మిగతావాళ్లందరికీ, తను వెళ్లేలోపు ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం. నాసి లెమాక్, అదే మలేసియా కొబ్బరిపాల అన్నం, తను చేస్తుంది, గోంగూర పచ్చడి మా అమ్మ. ఎంతమంది వస్తారో శుక్రవారం లోపు చెప్పండి, బియ్యం నానబెట్టాలి కదా.