మా ‘మద్యాహ్న’ భోజనం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల క్రీడోత్సవానికి మీకు రెండు సర్క్యులర్లు పంపాం, ఒకటి ఇంగ్లిషులో, ఒకటి తెలుగులో. ఇంగ్లిషు కాగితం అడుగున నా హోదా రాసిన చోట ‘ప్రిన్సిపల్’ అన్న మాట చివర ‘పీఏఎల్’ ఉండాల్సింది, ‘పీఎల్ఈ’ అని పడింది. సాయంత్రంలోగా పదకొండు ఫోన్లు వచ్చాయి. ‘ఇంత ఫీజు కట్టేది ఇందుకేనా’ అని ఒక తండ్రిగారు అడిగారు. అడగవలసిన మాటే.

తెలుగు కాగితంలో తప్పులు ఐదు. ‘విధ్యార్దులు’, ‘ఉపాద్యాయులు’, ‘పద్దతి’, ‘తల్లితండ్రులు’ నాలుగు. ఐదోది, పిల్లలకు ‘మద్యాహ్న భోజనం’ పాఠశాలలోనే ఏర్పాటు చేశామన్న వాక్యం. దీని గురించి ఒక్క ఫోనూ రాలేదు. మూడో రోజున ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆ కాగితం పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. ‘సార్, మద్యం అంటే సారా కదా?’ అని అడిగింది. అవునన్నాను. ‘మరి ఇక్కడ...’ అంటూ వేలు పెట్టి చూపించింది. ద కింద ఉండాల్సిన చిన్న గీత లేదు. కాగితం మీద సంతకం మాత్రం నాదే.

టైపు చేసినవారిని అడిగితే ‘ఫోనే అలా ఇచ్చింది సార్’ అన్నారు. నిజమే, ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే ఫోను మూడు నాలుగు మాటలు చూపిస్తుంది, వేలు మొదటిదాని మీద పడుతుంది. వెనకటి రోజుల్లో తాటాకు గ్రంథాలకు నకళ్లు రాసేవారు చివర ఒక శ్లోకం తగిలించేవారు: చూసినదాన్ని చూసినట్టే రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాది కాదు అని. ఫోన్లు రాకముందే ఈ సాకు ఉందన్నమాట.

ఆ పదకొండుకూ ఈ సున్నాకూ మధ్య ఉన్న దూరం గురించే ఈ నెల ఉత్తరం. ‘మా వాడికి తెలుగు అంతగా రాదండి’ అన్న మాట అడ్మిషన్ల రోజుల్లో చాలాసార్లు వింటాను. చెప్పేవారి ముఖంలో ఒక చిన్న నవ్వు ఉంటుంది. ‘ఇంగ్లిషు స్పెల్లింగులు రావడం లేదండి’ అన్నప్పుడు మాత్రం గొంతు తగ్గుతుంది. పిల్లవాడు పక్కనే కూర్చుని ఉంటాడు. ఏ తప్పుకు సిగ్గుపడాలో, ఏ తప్పును నవ్వి వదిలేయవచ్చో అక్కడే నేర్చేసుకుంటాడు. మేము ఆ తర్వాత ఎంత ఎర్రసిరా ఖర్చు పెట్టినా లాభం ఉండదు.

అలాగని తెలుగు రాత తేలిక అని నేను అనను. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ధ, భ లాంటి, ఒత్తి పలికే అక్షరాలు దాదాపు కనిపించవు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలతోపాటు అవీ వచ్చాయి. మాట్లాడేటప్పుడు మనలో చాలామందిమి వాటిని ఒత్తి పలకం. చెవికి వినిపించనిదాన్ని చెయ్యి ఎలా రాస్తుంది? మాటలో ఒత్తు ఒకటి ఉండాలని పిల్లవాడికి లీలగా గుర్తుంటుంది, ఎక్కడో గుర్తుండదు. అందుకే ‘బాధ’లో ధ కింది ఒత్తు జారి ముందుకు వచ్చి ‘భాద’ అవుతుంది. ఊరంతా కట్టే ఫ్లెక్సీల మీద ‘హార్దిక’ కాస్తా ‘హార్థిక’ అయ్యేదీ ఇలాగే. ‘అర్థం’ అంటే మనకు తెలిసేది, ‘అర్ధం’ అంటే సగం. ‘నాకు పాఠం అర్ధం అయింది’ అని రాసిన పిల్లవాడు ఒక్కోసారి నిజమే చెబుతున్నాడేమో అనిపిస్తుంది.

ల, ళ సంగతి వేరు. అవి చెవికి తెలుస్తాయి. కల, కళ తేడా ఇంట్లో పెద్దవాళ్లు పలికితే పిల్లలకు పుస్తకం అక్కర్లేదు.

మూడేళ్ల కిందట ఒక తల్లి పంపిన సెలవు చీటీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ‘బాబుకి కల్లు ఎర్రగా ఉన్నాయి, రెండు రోజులు బడికి పంపను’ అని రాసి ఉంది. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడ చదివింది ఐదో తరగతి. ఎవరితోనూ రాయించకుండా, నోటుపుస్తకంలో చించిన గీతల కాగితం మీద, అక్షరం అక్షరం నొక్కి తనే రాసింది. మేమో, ఎంఏలు చదివి, కంప్యూటరూ నిఘంటువూ పక్కన పెట్టుకుని, మీ పిల్లలకు మద్యం వడ్డించాం. ఆమె కల్లును చూసి నవ్విన గదిలోంచే ఆ సర్క్యులర్ బయటికి వచ్చింది.

కాబట్టి ఒక మనవి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తప్పు రాస్తే దాని కింద నవ్వు బొమ్మలు పెట్టవద్దు. అలా జరిగాక అడగాల్సినది గ్రూపులో అడగడం మానేసి, బడి గేటు దగ్గర నిలబడి అడుగుతున్నవారు నాకు తెలుసు. తప్పులు పట్టాలనిపిస్తే మావి పట్టండి.

భాష మారుతూనే ఉంటుంది కదా, ఈ చాదస్తం ఎందుకు అని మీలో ఒకరు అడిగారు. గిడుగు రామమూర్తిగారి పేరు కూడా ఎత్తారు. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులే. 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని ఆయన ఎత్తిచూపారు. జనం మాట్లాడే భాషను రాయమన్నారు. ఎలా పడితే అలా రాయమనలేదు. అరసున్నా, బండి ఱ వాడుక నుంచి తప్పుకున్నాయి, ఎవరికీ లోటు తెలియలేదు. ఒత్తులు కూడా రేపు అలాగే పోవచ్చు. పోయేదాకా మాత్రం ‘భాద’ కోసం నిఘంటువులో భ దగ్గర వెతికే పిల్లవాడికి ఆ మాట దొరకదు.

‘వెళ్లాడు’, ‘వెళ్ళాడు’ రెండూ ఒప్పే. ‘రాయడం’, ‘వ్రాయడం’ కూడా అంతే. వీటిని దిద్దవద్దని మా తెలుగు ఉపాధ్యాయులకు చెప్పాను. ఒక్కో వారం ఒక్క రకం తప్పునే దిద్దుతారు, ఈ వారం ద, ధ. మిగతావి కనబడినా వదిలేస్తారు. నోటుపుస్తకం చూసి ‘ఇది దిద్దలేదేం’ అని అనుకోకండి. తప్పు రాసిన మాటను యాభైసార్లు రాయించే పాత పద్ధతి మానేశాం. నా చిన్నప్పుడు నేను అలా రాసినవాడినే. యాభయ్యోసారికి అక్షరం కాదు, చేతినొప్పి గుర్తుండేది.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు వేరే చీటీ వస్తుంది. అందులో పిల్లల పేరు, ఇంటిపేరు, మీ పేర్లు ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూసి సంతకం చేయండి. మెమో వచ్చాక ఒక్క అక్షరం మార్పించాలన్నా ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవారికి తెలుసు.

ఇకపై మా సర్క్యులర్లను మీకు పంపే ముందు ముగ్గురు విద్యార్థులు చదువుతారు. ఆ ఏడో తరగతి అమ్మాయి వారిలో ఒకతె. ఈ ఉత్తరమూ వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. ఒత్తుల గురించి రాసిన చోట నేను ‘ఉచ్ఛారణ’ అని ఒక మాట వాడాను. ముప్పై ఏళ్లుగా అలాగే రాస్తున్నాను, పాఠం కూడా అలాగే చెప్పాను. ‘చ కింద చ మాత్రమే సార్’ అని నిఘంటువు తెరిచి నా బల్ల మీద పెట్టింది. ఆ వాక్యమే తీసేశాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు