నది లెక్క సరే, సముద్రం లెక్క ఎవరు రాస్తారు?

గౌరవనీయ సంపాదకులకు,

నమస్కారం. సాల్మన్ (నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి వచ్చే చేప) పెంపకంలో చిలీ ఎదిగిన తీరు మీద ఈమధ్య మీరు వేసిన కథనం చదివాను. తన నీళ్లలో ఎన్నడూ లేని చేపను తెచ్చుకుని, నార్వే తర్వాత రెండో స్థానానికి ఆ దేశం ఎలా చేరిందో చక్కగా చెప్పారు. ఎగుమతులు, ఉద్యోగాలు, 2007లో మొదలైన వైరస్ దెబ్బ, మళ్లీ కోలుకోవడం, అన్నీ ఉన్నాయి. అంత పొడుగు కథనంలో ఒక్క సంగతి మాత్రం లేదు. ఆ చేప ఏం తింటుంది? సముద్రంలో వలలతో కట్టిన పెంపకపు పంజరంలో వేసే మేత గురించి కాదు నేనడిగేది. పంజరం తెగి బయటపడ్డాక, లేదా నదిలో పుట్టి తనంతట తానే సముద్రంలోకి దిగాక దాని తిండి ఎక్కడిది, ఎవరిది?

భూమధ్యరేఖకు దక్షిణాన సాల్మన్, ట్రౌట్ కుటుంబపు చేప ఒక్కటీ సహజంగా లేదు. ఉన్నవన్నీ మనిషి మోసుకెళ్లినవే. 1901 నుంచి 1907 దాకా కాలిఫోర్నియా నుంచి ఓడల మీద గుడ్లు తెప్పించుకుని న్యూజీలాండ్ చినూక్ సాల్మన్‌ను నిలబెట్టుకుంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవులకు బ్రౌన్ ట్రౌట్ 1940లలో చేరింది, హిందూ మహాసముద్రపు దక్షిణ కొసనున్న కెర్గెలెన్ దీవులకు 1950లలో. ఉత్తరార్ధగోళంలోనూ ఈ సరదా తక్కువేం కాదు. పసిఫిక్‌కు చెందిన పింక్ సాల్మన్ గుడ్లను సోవియట్ యూనియన్ 1956లో ఖండం ఆ చివర నుంచి ఈ చివరకు తెచ్చి, రష్యా వాయవ్య మూలనున్న కోలా ద్వీపకల్పం నదుల్లో పిల్లలను వదలడం మొదలుపెట్టింది. ఇన్ని చోట్లా నిర్ణయం తీసుకున్నవాళ్ల కళ్లముందు ఉన్నది నదే. గాలం వేసేవాడికి దొరకాలి, డబ్బాల్లో నింపి అమ్మేవాడికి సరిపడా రావాలి. సముద్రమంటే వాళ్లకు చేప కొన్నాళ్లు కనబడకుండా పోయి, ఒళ్లు చేసి తిరిగొచ్చే చోటు, అంతే.

ఎంత ఒళ్లు చేస్తుందో చూడండి. పింక్ సాల్మన్ పిల్ల నది విడిచేటప్పుడు పావు గ్రాము ఉంటే గొప్ప. ఏడాదిన్నర తిరిగేసరికి ఒకటిన్నర, రెండు కిలోల చేపై వస్తుంది. ఆ ఒంట్లో ఉన్న కండ దాదాపు మొత్తం సముద్రం పెట్టిందే. అయితే వచ్చిన చేపను నది ఒడ్డున కోసి చూస్తే ఏమీ తెలియదు. గుడ్లు పెట్టడానికి మంచినీటిలోకి ఎక్కే సాల్మన్ తిండి మానేస్తుంది. లోపల ముడుచుకుపోయిన ఖాళీ కడుపు కనిపిస్తుంది. మనం లెక్కపెట్టేది నదిలో, అది తిన్నది సముద్రంలో. ఈ ఒక్క కారణంతోనే ఇంతకాలం ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదేమోనని నా అనుమానం.

నేను జీవశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని. సాల్మన్ మీద పిల్లలకు చూపించే బొమ్మల్లో ఎప్పుడూ ఒక ఎలుగుబంటి ఉంటుంది, దాని నోట్లో చేప. గద్ద ఉంటుంది, దాని కాళ్లకింద చేప. పాపం సాల్మన్ ఎప్పుడూ ఎవరో ఒకరి భోజనమే. అది స్వయంగా వేటాడే జంతువని, సముద్రంలో తనకంటే చిన్నవాటినన్నిటినీ మింగుతుందని చూపించే బొమ్మ నాకు ఒక్కటీ కనబడలేదు.

నిజానికి సముద్రంలో పట్టిన చేపైతే కడుపు చాలా చెబుతుంది. మెత్తటి భాగాలు అరిగిపోయినా, మింగిన చిన్న చేపల చెవిరాళ్లు మిగులుతాయి. ఆవగింజంత ఉండే ఆ తెల్లటి పలుకు ఆకారాన్ని బట్టి అది ఏ జాతి చేపదో, ఎంత పెద్దదో చెప్పేయవచ్చు. కడుపు ఖాళీగా ఉన్నా కండ సాక్ష్యం చెబుతుంది. ఆహార జాలకంలో, అంటే ఎవరు ఎవరిని తింటారనే అల్లికలో, ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ కండలో బరువైన నైట్రోజన్ (నైట్రోజన్-15) వాటా వెయ్యికి మూడు, మూడున్నర వంతున పెరుగుతుంది. కొలిస్తే ఆ చేప ఏ మెట్టు మీద కూర్చుని తిన్నదో బయటపడుతుంది. పనిముట్లు లేవనడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక జవాబు తయారుగా ఉంటుంది. అంత పెద్ద సముద్రంలో ఈ చేపలెంత, సముద్రంలో కాకిరెట్ట! నేనూ కొట్టిపారేయను. ఉదాహరణకు 2017 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సైప్రస్ దీవి దగ్గర ఒక పంజరం కూలి రెండున్నర లక్షల దాకా అట్లాంటిక్ సాల్మన్లు పసిఫిక్‌లోకి పోయాయి. తర్వాత పట్టినవాటిలో చాలావాటి కడుపులు ఖాళీ. గుళికల మేత తప్ప ఎరుగని చేపకు వేట చేతకాలేదు. (సూర్యగ్రహణం వల్ల పోటు ఎక్కువై పంజరం కూలిందని కంపెనీ చెప్పింది. విచారణలో తేలింది ఏమిటంటే, వలలను సరిగా శుభ్రం చేయక ఆల్చిప్పలు టన్నులకొద్దీ పేరుకుపోయాయని. గ్రహణాన్ని నిందించడం మనకే పరిమితం కాదన్నమాట.) మరుసటి ఏడే ఆ రాష్ట్రం స్థానికం కాని చేపల పంజరాలకు స్వస్తి పలుకుతూ చట్టం చేసింది.

కాకిరెట్ట వాదాన్ని అందరికీ వర్తింపజేయాలని చూస్తేనే చిక్కు. చినూక్ వేట మరిచిపోయిన చేప కాదు. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో రెండు మహాసముద్రాల వైపు నదుల్లోనూ అది నిలదొక్కుకుంది, మనిషి సాయం లేకుండా పుడుతోంది, సముద్రంలోకి వెళ్లి స్ప్రాట్, ఆంకోవీ లాంటి చిన్న చేపలను, రొయ్యల్లాంటి క్రిల్‌ను తినే జాతి అది. అక్కడి మెజెల్లన్ పెంగ్విన్లు బతికేది ఆ చిన్న చేపల మీదే, హేక్ చేపలకూ అవే ఆధారం. కొత్త అతిథికి వేరే విస్తరి వేయలేదు ఎవరూ.

ఇక సంఖ్య పెరిగితే సాల్మన్ సముద్రాన్ని ఏం చేయగలదో ఉత్తర పసిఫిక్‌లో కళ్లారా చూడవచ్చు. అక్కడ అది స్థానిక చేపే, కానీ హ్యాచరీల (గుడ్లను పొదిగించే కేంద్రాల) నుంచి ఏటా సుమారు 500 కోట్ల సాల్మన్ పిల్లలను వదులుతున్నారు. పింక్ సాల్మన్ జీవితం సరిగ్గా రెండేళ్లు కాబట్టి చాలాచోట్ల బేసి సంవత్సరాల్లో విపరీతంగా, సరి సంవత్సరాల్లో తక్కువగా ఉంటుంది. ఎవరూ తలపెట్టకుండానే ఇదొక మహా ప్రయోగంలా తయారైంది. బేసి ఏడాది వస్తే బేరింగ్ సముద్రం దక్షిణాన, అల్యూషియన్ దీవుల పక్కన నీటిలో తేలాడే చిట్టి జీవులైన జంతు ప్లవకాలు తగ్గుతాయి; వాటికి ఆహారమయ్యే సూక్ష్మ మొక్కలు, అంటే వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. అదే ఏడాది పఫిన్, కిట్టివేక్ లాంటి పక్షుల సంతానం దెబ్బతింటుంది. మరీ ఆశ్చర్యం షియర్‌వాటర్ పక్షులది. అవి గూళ్లు కట్టేది ఆస్ట్రేలియాలో, మేతకు వచ్చేది ఉత్తర పసిఫిక్‌కు. 2013లో పింక్ సాల్మన్ పోటెత్తింది. ఆ ఏడాది చివర ఆస్ట్రేలియా తీరాల్లో ఆ పక్షులు బక్కచిక్కి గుట్టలుగా చచ్చిపడ్డాయి. ఈ రెంటికీ పరిశోధకులు ముడి వేశారు. ప్రతి పక్షి చావుకూ సాల్మనే కారణమని నేను అనను, సముద్రం వేడెక్కడం కూడా ఉంది. కానీ వేడి బేసి, సరి చూసుకుని రాదు కదా.

ఆ పింక్ సాల్మన్నే ఇప్పుడు అట్లాంటిక్ వైపు చూస్తున్నాం. సోవియట్ వాళ్లు మొదట సఖాలిన్ నుంచి తెచ్చిన గుడ్లు ఎన్నేళ్లు వదిలినా నిలవలేదు. 1985లో మగదాన్ ప్రాంతపు ఓలా నది నుంచి తెచ్చిన బేసి సంవత్సరపు గుడ్లు నిలిచాయి. 2017లో ఆ చేప ఒక్కసారిగా నార్వే నదుల్లోకి దండెత్తింది, స్కాట్లాండ్, ఐర్లండ్‌లకూ చేరింది. ఇప్పుడు నార్వే ఉత్తర కొసనున్న ఫిన్‌మార్క్ నదులకు అడ్డంగా బోనులు కట్టి, వీపు మీద మూపురంతో వచ్చే పింక్ మగచేపలను ఒకవైపు, స్థానిక సాల్మన్లను ఒకవైపు చేత్తో వేరుచేస్తున్నారు. మెచ్చుకోవాల్సిన శ్రమే. అయినా బోనులో పడేసరికి దాని తిండి ముగిసిపోయింది. నార్వే సముద్రంలో అది తినాల్సింది తినేశాకే బోను దాకా వచ్చింది.

చచ్చిన సాల్మన్ నదికి ఎరువు అవుతుంది కదా అని కొందరు సంబరపడతారు. పుట్టిన చోట అది వేల ఏళ్ల ఏర్పాటు. కొత్తచోట మాత్రం అత్త సొమ్ము అల్లుడు దానం.

మరో తప్పుడు ఊహ ఏమిటంటే, నదిలో వదిలిన చేప ఆ నదికే పరిమితమని. ట్రౌట్‌కు సముద్రమే దారి. ఫాక్‌లాండ్స్‌లో కొన్ని వాగుల్లో వదిలితే, సముద్రానికి అలవాటుపడ్డ ట్రౌట్లు తీరం వెంబడి వెళ్లి పక్క వాగుల్లోకి ఎక్కాయి; అక్కడి జీబ్రా ట్రౌట్ అనే స్థానిక చేప ఇప్పుడు బ్రౌన్ ట్రౌట్ చేరని మూలల్లోనే మిగిలింది. కెర్గెలెన్‌లో అసలు మంచినీటి చేపే ఉండేది కాదు, అక్కడా ఇదే దారిన నది తర్వాత నదిని ఆక్రమించింది. చిలీలోనైతే బేరం రెండువైపులా నడిచింది. స్థానిక చేపల మీద బతికే ఒక సముద్రపు పేను కిక్కిరిసిన సాల్మన్ పంజరాలను చూసి ఎగబడింది, పరిశ్రమకు ఏటా పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. ఆహార జాలకంలోకి కొత్త జీవి వచ్చిందంటే తినడానికే కాదు, తినబడడానికి కూడా.

చట్టాల సంగతి చూడండి. చిలీలో తప్పించుకున్న చేపల్లో 30 రోజుల్లో కనీసం 10 శాతం తిరిగి పట్టలేకపోతే పర్యావరణానికి హాని జరిగినట్టు భావిస్తారు. 2018 జూలైలో తుపానుకు ఒక ఫారం నుంచి సుమారు 6.9 లక్షల చేపలు పోయినప్పుడు ఈ నిబంధన ముందుకు వచ్చింది. మంచి నిబంధనే, కానీ 10 శాతం పట్టిన కంపెనీ విషయంలో మిగతా 90 శాతం చేపలు ఏం తిన్నాయని అడిగే బాధ్యత ఎవరిది? ఉత్తర పసిఫిక్‌లో మరీ విచిత్రం. కెనడా, జపాన్, దక్షిణ కొరియా, రష్యా, అమెరికా సభ్యులుగా ఉన్న వలస చేపల కమిషన్ ఒప్పందం 1993 నుంచి అమల్లో ఉంది. నడిసముద్రంలో సాల్మన్‌ను పట్టడం దాని ప్రకారం నిషేధం. అదే నడిసముద్రంలో మేయడానికి ఎన్ని పిల్లలను వదలాలన్నదానికి మాత్రం ఏ దేశానికీ పరిమితి లేదు. పట్టేవాడికి కట్టడి, వదిలేవాడికి స్వేచ్ఛ.

కాబట్టి నా కోరికలు చిన్నవే. కొత్త జాతికి అనుమతి ఇచ్చే ముందు నది మీదే కాక సముద్రం మీద కూడా అధ్యయనం జరగాలి. ప్రతి పంజరం ప్రమాదం తర్వాత ఎన్ని, ఏ జాతి, ఎంత బరువున్నవి పోయాయో జనానికి తెలియాలి. సముద్రంలో పట్టిన చేపల్లో కొన్నింటి కడుపులైనా ఏటా పరీక్షకు పంపాలి. హ్యాచరీ పిల్లల సంఖ్య మీద ఆ ఐదు దేశాలూ ఒక మాటకు రావాలి. ఇవి ప్రభుత్వాలకు. మీ పత్రికకు ఒకటే: ఆ కమిషన్ సభ్యదేశాలు ఏటా వదిలే పిల్లల సంఖ్యలు, పట్టిన చేపల సంఖ్యలు బహిరంగంగానే దొరుకుతాయి. ఈసారి సాల్మన్ ఎగుమతుల పట్టిక వేసేటప్పుడు వాటిని కూడా పక్కన వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు