జాడీ మీద చీటీ

కాకినాడ,
ఆదివారం.

చిరంజీవి సుధకు,

అమ్మ దీవెనలు.

ఫోనులో నువ్వు అడిగింది చిన్న ప్రశ్నే. మీ ఆడిట్ ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లకు బ్యాకప్ పెట్టాలి, అంటే ఫైళ్లకు నకళ్లు తీసి వేరేచోట దాచాలి, ఓపెన్ సోర్స్‌లో (లోపలి కోడ్ ఎవరైనా చూసి వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్లలో) ఏది మంచిది అన్నావు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇరవై ఏడేళ్లు కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకున్నాను కదా, పేరు ఒక్కటే తెలిస్తే ఏమవుతుందో నాకు ఒకసారి తెలిసివచ్చింది. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

అప్పట్లో నేను పెట్టింది అమాండా. 1990ల మొదట్లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. నెట్‌వర్కులోని యంత్రాలన్నిటి ఫైళ్లనూ రాత్రిపూట తెచ్చి ఒకే చోట టేపు మీద రాసేది. ప్రతి యంత్రానికీ వారానికోసారి పూర్తి నకలు ఉండాలని చెబితే చాలు, ఏ రాత్రి ఎవరి వంతో అదే లెక్క వేసుకునేది. ఇంట్లో దుప్పట్లన్నీ ఒకే రోజు నానబెట్టకుండా రోజుకు రెండేసి ఉతుక్కునే ఇల్లాలి పద్ధతి. తెల్లవారేసరికి మెయిలు వచ్చేది: ఫలానా యంత్రం, ఇన్ని మెగాబైట్లు, లోపాలు లేవు. అది చూశాకే నేను కాఫీ కలుపుకునేదాన్ని.

ఒక జూన్‌లో అడ్మిషన్ల గదికి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతది లైబ్రరీకి వెళ్లింది, పేరు మార్చుకోకుండానే. అమాండా జాబితాలో ఉన్నది ఆ పాత పేరే. కొత్తదాన్ని జాబితాలో ఎవరూ చేర్చలేదు. ఎవరూ అంటే నేనే. ఆగస్టులో కొత్తదాని డిస్కు చెడిపోయింది. టేపు పెట్టి చూస్తే లైబ్రరీ పుస్తకాల పట్టిక ఏ లోటూ లేకుండా ఉంది. విద్యార్థుల వివరాలు ఒక్క వరుసైనా లేవు. పదకొండు రోజులు ఇద్దరు గుమాస్తాలతోపాటు నేనూ దరఖాస్తు ఫారాలు ముందేసుకుని మళ్లీ టైపు చేశాను. ఆ రెండు నెలలూ పొద్దున్నే వచ్చిన మెయిలు అబద్ధం చెప్పలేదమ్మా. అడిగినదానికే జవాబు చెప్పింది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ దించుకునే ముందు ఒక కాగితం తీసుకో. ఏ కంప్యూటర్‌లో ఏముంది, అది పోతే ఎవరు ఏడుస్తారు, అంతే రాయి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా ఎక్కడుందో నీకు తెలుసు. మీ టైపిస్టు క్లయింట్లకు రాసే ఉత్తరాలన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంచుకుంటుందని పోయినసారి వచ్చినప్పుడు చూశాను. నీ లాప్‌టాప్ గురించి నేనేమీ అనను.

ఇక అమాండా నాకు చేసిన మేలు చెప్పాలి. రిటైరవడానికి ఏడాది ముందు, చాలా ఏళ్ల కిందటి మార్కుల జాబితా ఒకటి కావలసివచ్చింది. అప్పటికి అమాండా నడిచిన యంత్రం పాతసామాన్లకు వెళ్లిపోయింది. టేపు డ్రైవు మాత్రం అటక మీద ఉంది. దాన్ని ఒక మామూలు లినక్స్ యంత్రానికి తగిలించి టేపు మీద ఆ నకలుకు ముందుండే 32 కిలోబైట్ల ముక్కను తెర మీదికి తెచ్చాను. మామూలు అక్షరాల్లో ఉంది: ఏ యంత్రం, ఏ ఫోల్డర్, ఏ తేదీ, దీన్ని విప్పాలంటే ఏ ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశంలో ఉన్నవి ఏ లినక్స్‌లోనైనా దొరికే డీడీ, టార్ అనే చిన్న పనిముట్లే. ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను, ఫైళ్లు వచ్చేశాయి. మీ అమ్మమ్మ ఆవకాయ జాడీ వాసెనగుడ్డకు చీటీ కుట్టేది, గుర్తుందా? ఏ ఏడాదిది, ఏ కాయ, నూనె ఎప్పుడు పోసింది, అన్నీ దాని మీదే. ఆవిడ ఊళ్లో లేకపోయినా జాడీ తెరవడానికి ఎవరినీ అడగనక్కరలేదు.

అందుకే ఓపెన్ సోర్స్ అంటే నాకు డబ్బు ఆదా కంటే ముందు ఇదే గుర్తొస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ లేని రోజున నా ఫైలు నాకు వస్తుందా? ఆడిటర్‌వి, కంపెనీ లెక్కలు ఎనిమిదేళ్లు ఉంచాలని నాకంటే నీకే బాగా తెలుసు. ఆ లెక్కల బ్యాకప్ మన దేశంలోని సర్వర్‌లో రోజూ ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చినప్పుడు నువ్వే చెప్పావు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అమ్ముతానని మీ ఆఫీసుకు వచ్చి ధరలు చెప్పినాయన ఎనిమిదేళ్లూ ఫోను ఎత్తుతాడో లేదో. చందా కట్టడం ఆపేసిన మర్నాడు పాత నకళ్లు తెరుచుకుంటాయా అని అడుగు. ఆయన ముఖం చూడు.

నువ్వు విన్న పేర్లలో బ్యాకులా ఉంది. బ్యాకప్‌కు డ్రాక్యులాను కలిపి పెట్టిన పేరు, రాత్రిపూట వచ్చి కంప్యూటర్లను పీల్చుకుపోతుందని. 2000లో మొదలైంది. గట్టిది, వందల యంత్రాలున్న చోట నేనైనా దాన్నే పెడతాను. కానీ అందులో ఆజ్ఞలిచ్చే భాగం వేరు, డిస్కు మీద రాసేది వేరు, ప్రతి కంప్యూటర్‌లో కూర్చునేది వేరు, ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే డేటాబేస్ వేరు. ఒకదాని సంకేతపదం మరోదానితో సరిపోకపోతే ఏదీ మాట్లాడదు. తొమ్మిది కంప్యూటర్లకు అంత పరివారం ఎందుకు? దానినుంచి విడిపోయిన బారియోస్ అనే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే మాట.

బ్యాకప్‌పీసీ అంటే నాకు ఇష్టం. కంప్యూటర్లలో ప్రత్యేకంగా ఏమీ ఎక్కించకుండానే విండోస్ షేరు (నెట్‌వర్కులో పంచిన ఫోల్డర్) ద్వారా ఫైళ్లు తెచ్చుకోగలదు, ఒకే ఫైలు పదిచోట్ల ఉన్నా ఒక్కసారే దాచుతుంది. అయితే డిస్కులోకి తొంగిచూస్తే నీ ఫైళ్ల పేర్లు కనబడవు, దాని సొంత రూపంలో కుదించి పెట్టుకుంటుంది. దాని పరికరాలు లేకుండా విప్పడం కష్టం. చీటీ లేని జాడీ.

నీకు నేను చెప్పేది అర్‌బ్యాకప్. మీవన్నీ విండోస్ యంత్రాలే కనుక సరిగ్గా కుదురుతుంది. పాత కంప్యూటర్ ఒకదానికి పెద్ద డిస్కు తగిలించి సర్వర్‌గా పెట్టు, మిగతావాటిలో దాని చిన్న ప్రోగ్రాము ఎక్కించు. ఒకే నెట్‌వర్కులో ఉంటే సర్వరే వాటిని వెతుక్కుంటుంది. తెరిచి ఉన్న ఫైలును కూడా విండోస్ షాడో కాపీ (ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో ఫొటోలా పట్టి ఉంచే సదుపాయం) సాయంతో తీసుకుంటుంది. అయినా ట్యాలీని మాత్రం రాత్రి మూసి వెళ్లమను, రాస్తున్న లెక్కను మధ్యలో ఫొటో తీస్తే సగం వాక్యమే పడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, ఫైళ్ల బ్యాకప్ సర్వర్ డిస్కులో మామూలు ఫోల్డర్లుగా ఉంటుంది: కంప్యూటర్ పేరు, దాని కింద తేదీ, దాని కింద నీ ఫైలు. డిస్కు ఊడదీసి మరో లినక్స్ యంత్రానికి తగిలించినా కనబడుతుంది.

ఆ డిస్కును ఎవరి కంప్యూటర్‌లోనూ డ్రైవుగా కనబడనివ్వకు. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి దొరికాయి. అలాంటివి చేతికందే ప్రతి ఫోల్డర్‌కూ తాళం వేస్తాయి, అది బ్యాకప్ అని జాలిపడవు.

రెండో నకలు మన ఇంట్లో ఉంచుదాం. దానికి బోర్గ్ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చాలు. మారిన ముక్కలే పంపుతుంది, నీ దగ్గరే రహస్యలిపిలోకి మార్చి పంపుతుంది కాబట్టి మీ నాన్న కూడా నీ క్లయింట్ల లెక్కలు చూడలేరు. (చూడాలన్న కోరిక ఆయనకు ఉందనుకోను.) నిజమే, ఇది నేను ఇంతసేపూ చెప్పినదానికి ఎదురు. తాళంచెవీ సంకేతపదమూ పోతే ఎవరూ తెరవలేరు. పరాయి లెక్కలు ఇల్లు దాటుతున్నప్పుడు తప్పదు. బోర్గ్‌లో తాళంచెవిని చేత్తో తిరిగి టైపు చేసుకునేలా కాగితం మీద అచ్చువేసుకునే సదుపాయం ఉంది. ఒకటి బ్యాంకు లాకరులో, ఒకటి నా బీరువాలో పెడదాం. సంకేతపదం మాత్రం ఆ కాగితం మీద రాయకు.

పెద్దవాళ్లకు జరగదనుకోకు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. రోజూ తీయవలసిన నకలు వెర్షన్లు కలవక ఎప్పటినుంచో ఆగిపోయి ఉంది, ఆగిందని చెప్పే మెయిళ్లు చేరలేదు. ఆరు గంటల ముందు మరో పనికోసం తీసిన నకలు ఉండబట్టి బయటపడ్డారు. జరిగినదంతా వాళ్లే దాచకుండా రాశారు. అది చదివిన రోజు నాకు మా లైబ్రరీ పుస్తకాల పట్టిక గుర్తొచ్చింది.

మీ టైపిస్టుతో నెలకోసారి ఒక పని చేయించు. నేను పైన చెప్పిన కాగితంలోంచి ఏదో ఒక ఫైలు ఎంచుకుని, పోయిన నెల నాటిదాన్ని తిరిగి తెమ్మను. నువ్వు పక్కన కూర్చోకు. ఆమె తేలేకపోతే తప్పు ఆమెది కాదు, నువ్వు సర్వర్‌కు అంటించిన సూచనల కాగితానిది.

ఉచితం అన్నావు కానీ సర్వర్‌కు ఒకటి, ఇక్కడికి ఒకటి, రెండు డిస్కులు కొనక తప్పదు. మొదటి పూర్తి నకలు ఇంటర్నెట్‌లో పంపితే వారాలు పడుతుంది. బోర్గ్‌తో డిస్కులోకి తీసి పండక్కి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టి తీసుకురా. ఇక్కడ పాత డెస్క్‌టాప్ తుడిచి సిద్ధంగా ఉంచాను. రాత్రిళ్లు రౌటర్ ఆపేసే అలవాటు మానుకుంటానని మీ నాన్న మాటిచ్చారు, కరెంటు బిల్లు నువ్వు కడతావన్న షరతు మీద. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆ కాగితం రాశాక ఫొటో తీసి పంపు. నీ లాప్‌టాప్ పేరు అందులో ఉందో లేదో చూడాలి.

ఇట్లు,
అమ్మ